ఆహారంతో వచ్చే బ్యాక్టీరియా, జంతువుల రోగనిరోధక శక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మైక్రోబయాలజిస్టును. కోళ్లు, పశువులు, పందుల పేగుల్లో ఉంటూ అక్కడి నుంచి మన కంచం దాకా వచ్చే బ్యాక్టీరియా మీద, వాటిని ఆ జంతువుల ఒళ్లు ఎలా ఎదుర్కొంటుందనే దాని మీద పనిచేస్తాను. పెంపకందార్లు, విద్యార్థులు, ఇంట్లో వండేవాళ్లు నన్ను మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవి వైద్య సలహాలు కావు. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ఏ బ్యాక్టీరియా మీద పనిచేస్తారు?

ముఖ్యంగా నాలుగు: సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, షిగా టాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే ఈ.కోలై, లిస్టీరియా. మొదటి రెండూ ఎక్కువగా కోళ్ల నుంచి వస్తాయి, మూడోది పశువుల నుంచి. లిస్టీరియాకు మాత్రం ఫలానా చోటంటూ లేదు. మట్టిలోనూ, పాతరగడ్డిలోనూ, మాంసం ప్రాసెస్ చేసే ప్లాంటు డ్రైనేజీలోనూ బతికేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన అంచనా ప్రకారం కలుషిత ఆహారం వల్ల ఏడాదికి 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారు, 4,20,000 మంది చనిపోతున్నారు. ఆ మరణాల్లో మూడో వంతుకు దగ్గరగా ఐదేళ్ల లోపు పిల్లలవే. ఇందులో వైరస్‌లు, పరాన్నజీవులు, విషరసాయనాల వాటా కూడా ఉంది. అయినా బ్యాక్టీరియా వాటా చిన్నదేమీ కాదు.

జంతువు ఆరోగ్యంగా కనిపిస్తోంది కదా, అందులో ప్రమాదకరమైన బ్యాక్టీరియా ఎలా ఉంటుంది?

నన్ను ఈ రంగంలోకి లాగిన ప్రశ్న ఇదే. జబ్బు లేదంటే క్రిమి కూడా లేదని మనం అనుకుంటాం. ఆహారంతో వచ్చే బ్యాక్టీరియా విషయంలో ఆ నమ్మకం పనికిరాదు.

ఆ ఈ.కోలైలో ఓ157:హెచ్7 అనే రకం సంగతి చూడండి. 1982లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిన్నవాళ్లకు రక్తవిరేచనాలు పట్టుకున్నప్పుడు దీన్ని మొదటిసారి గుర్తించారు. మనుషుల్లో వంద కన్నా తక్కువ బ్యాక్టీరియా లోపలికి వెళ్లినా జబ్బు రావచ్చు. అది విడుదల చేసే షిగా టాక్సిన్ రక్తనాళాల గోడల మీద ఉండే జీబీ3 అనే అణువుకు అంటుకుని కణాల్లోకి దూరుతుంది. మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాల్లో జీబీ3 బాగా ఉంటుంది కాబట్టి దెబ్బ అక్కడ గట్టిగా తగులుతుంది. చిన్నపిల్లల్లో కిడ్నీలు పనిచేయడం ఆగిపోయేది అందుకే. పెద్ద పశువుల రక్తనాళాల్లో ఆ అణువు లేదు. అదే బ్యాక్టీరియా, అదే విషం, అయినా ఆవు హాయిగా నెమరు వేసుకుంటూ ఉంటుంది. బ్యాక్టీరియా మాత్రం పెద్దపేగు చివర, మలద్వారానికి దగ్గరగా ఉండే కొన్ని సెంటీమీటర్ల మేర గోడకు అతుక్కుని పెరుగుతూ పేడలో బయటికి వస్తుంది. మందలో కొన్ని పశువులు మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా బయటికి వదులుతాయి. వాటిని చూసి పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు.

క్యాంపైలోబ్యాక్టర్ కథ ఇంకా విచిత్రం. దానికి 42 డిగ్రీల వేడి బాగా నచ్చుతుంది. కోడి ఒంటి వేడి సరిగ్గా ఆ దగ్గరే ఉంటుంది. కోడి పేగు చివర ఉండే రెండు సీకం సంచుల్లో గ్రాముకు కోట్ల సంఖ్యలో పెరిగినా కోడి మేత తింటుంది, బరువు పెరుగుతుంది. మనుషులకైతే కొన్ని వందలు చాలు.

రోగనిరోధక వ్యవస్థ వాటిని ఎందుకు తరిమేయదు? గుర్తుపట్టలేదా?

కొన్నిసార్లు గుర్తుపట్టదు. చాలాసార్లు గుర్తుపట్టి కూడా కొంత పోరాడి ఆగుతుంది. ఈ రెండో సంగతి తెలిశాక నా ఆలోచనా తీరే మారింది.

ముందు గుర్తుపట్టకపోవడం గురించి. బ్యాక్టీరియాను ఈదించే తోకలాంటి భాగాన్ని ఫ్లాజెల్లా అంటాం. అందులోని ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌ను పసిగట్టడానికి జంతువుల కణాల మీద టీఎల్ఆర్5 అనే గ్రాహకం ఉంటుంది. సాల్మొనెల్లాలో టైఫిమ్యూరియం అనే రకం ఫ్లాజెల్లిన్ తగలగానే అది మోగుతుంది. క్యాంపైలోబ్యాక్టర్ ఫ్లాజెల్లిన్‌లో ఆ గ్రాహకం పట్టుకునే భాగం వేరేగా ఉండటంతో అది దాదాపు చప్పుడు చేయకుండా లోపలికి వెళ్లిపోతుంది.

ఇప్పుడు కోళ్లలో రెండు రకాల సాల్మొనెల్లాను పక్కపక్కన పెట్టి చూద్దాం. టైఫిమ్యూరియానికి ఫ్లాజెల్లా ఉంది. అది కోడి పేగులోకి రాగానే గోల మొదలవుతుంది, తెల్ల రక్తకణాలు పేగు గోడలోకి పరుగెత్తుకొస్తాయి, బ్యాక్టీరియా చాలావరకు పేగు దాటి పోలేకపోతుంది. గాలినేరం రకానికి ఫ్లాజెల్లా లేదు. పేగులో పెద్దగా అలజడి లేకుండానే కాలేయం, ప్లీహం దాకా వెళ్లి ఫౌల్ టైఫాయిడ్ తెచ్చి కోడిని చంపేస్తుంది. టైఫిమ్యూరియం నుంచి ఫ్లాజెల్లాను తీసేసి కోడిపిల్లలకు ఇస్తే అది కూడా ముందుకన్నా త్వరగా లోపలి అవయవాలకు చేరింది. అంటే మొదట్లో వచ్చే ఆ ఇన్‌ఫ్లమేషనే (పేగు గోడలో పుట్టే వాపు, మంట) కోడిని కాపాడుతోంది. మనుషులకు గాలినేరంతో పెద్దగా భయం లేదు, టైఫిమ్యూరియంతో ఉంది. కోడిని చంపేది మనల్ని వదిలేస్తుంది, కోడిని వదిలేసేది మన మీద పడుతుంది.

ఇక పోరాడి ఆగడం. సాల్మొనెల్లా సోకిన మొదటి రెండు మూడు రోజుల్లో కోడి పేగులో ఇన్‌ఫ్లమేషన్ గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత దాన్ని అదుపులో పెట్టే టి కణాలు అనే తెల్ల రక్తకణాలు పెరిగి మంట చల్లారుతుంది. బ్యాక్టీరియా పూర్తిగా పోకముందే చల్లారుతుంది. వారాల తరబడి రెట్టలో వస్తూనే ఉంటుంది. కోడి వైపు నుంచి చూస్తే ఇది మంచి నిర్ణయమే. పేగును నాశనం చేసుకుంటూ చివరి బ్యాక్టీరియా దాకా పోరాడటం కన్నా కొంత సహించి పెరగడం దానికి లాభం. నష్టం మనకు. పశువైద్యుడి లెక్కలో ఆరోగ్యంగా ఉన్న కోడి, ఆహార భద్రత లెక్కలో ఆరోగ్యమైనది కాకపోవచ్చు. ఈ రెండు లెక్కలనూ కలపడమే నా పని అనుకుంటాను.

అలాగైతే రోగనిరోధక శక్తిని ఇంకా రెచ్చగొడితే బ్యాక్టీరియా పోతుంది కదా?

సాల్మొనెల్లా విషయంలో ఆ ఎత్తు బెడిసికొట్టే ప్రమాదం ఉంది. ఇన్‌ఫ్లమేషన్ వచ్చినప్పుడు తెల్ల రక్తకణాలు ఘాటైన ఆక్సిజన్ సమ్మేళనాలను వదులుతాయి. అవి పేగులోని థయోసల్ఫేట్‌ను టెట్రాథయొనేట్‌గా మారుస్తాయి. సాల్మొనెల్లా ఆ టెట్రాథయొనేట్‌ను ఆక్సిజన్‌కు బదులు శ్వాసకు వాడుకుంటుంది, పేగులో మామూలుగా ఉండే చాలా బ్యాక్టీరియాకు ఆ వీలు లేదు. మనల్ని కాపాడాల్సిన మంటే దానికి మిగతావాటి మీద పైచేయి ఇస్తోందన్నమాట. ఎలుకల్లో ఈ సంగతి 2010లో తేలింది. సాల్మొనెల్లాను వేరుచేయడానికి ల్యాబుల్లో టెట్రాథయొనేట్ కలిపిన ద్రావణాన్ని అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే వాడుతున్నారు. అది బాగా పనిచేస్తుందని అందరికీ తెలుసు, జంతువు పేగులోనూ అదే జరుగుతోందని మాత్రం అప్పటిదాకా తెలియలేదు.

అందుకే ఎంత స్పందన, ఏ సమయంలో, పేగులో ఏ చోట అన్నది తేల్చుకోవాలి. ఊరికే ఇమ్యూనిటీ పెంచుతాం అని రాసిన సీసాలను నేను నమ్మను.

కోడికి మనలాంటి రోగనిరోధక వ్యవస్థే ఉంటుందా?

పునాది ఒకటే, కట్టడం వేరు. కోడికి మనకున్నట్టు లింఫ్ గ్రంథులు లేవు. క్రిముల మీదికి ముందుగా వెళ్లే మన తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్ బదులు హెటెరోఫిల్స్ ఉంటాయి. పేగు చివర సీకం టాన్సిల్స్ అనే రోగనిరోధక కణాల గుంపులు ఉంటాయి. తల్లి నుంచి పిల్లకు ఐజీవై అనే యాంటీబాడీలు (క్రిములను పట్టుకునే రక్షణ ప్రోటీన్లు) పచ్చసొన ద్వారా వెళ్తాయి. క్యాంపైలోబ్యాక్టర్ కోళ్ల షెడ్‌లో మొదటి రెండు వారాలు సాధారణంగా కనబడకపోవడానికి ఈ యాంటీబాడీలు ఒక కారణం.

అన్నిటికన్నా ముఖ్యమైనది బర్సా ఆఫ్ ఫాబ్రిషియస్. పక్షి మలద్వారం పైభాగాన ఉండే చిన్న సంచి ఇది. ఇటలీ శరీరశాస్త్రవేత్త ఫాబ్రిషియస్ వర్ణన 1621లో అచ్చయింది. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా అదెందుకుందో ఎవరికీ తెలియదు. 1950లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి దాని పని తెలుసుకోవాలని కోడిపిల్లల్లో ఆ సంచిని తీసేసి చూస్తున్నాడు. తోటి విద్యార్థి తిమొతీ చాంగ్‌కు యాంటీబాడీలు ఎలా తయారవుతాయో క్లాసులో చూపించడానికి కోళ్లు కావలసి వచ్చి, గ్లిక్ దగ్గరున్నవి తీసుకున్నాడు. వాటికి సాల్మొనెల్లా యాంటిజెన్ (యాంటీబాడీలు పుట్టేలా చేసే బ్యాక్టీరియా భాగం) ఎక్కించాడు. కొన్ని చనిపోయాయి, బతికినవాటిలో చాలావాటికి యాంటీబాడీలే రాలేదు. అవి బర్సా తీసేసిన కోళ్లు! యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు ఆ సంచిలోనే పెరిగి పెద్దవవుతాయని తెలుసుకోవడానికి దారి అక్కడ పడింది. వాళ్ల పత్రాన్ని పెద్ద పత్రిక ఒకటి తిప్పి పంపితే, 1956లో కోళ్ల పెంపకానికి సంబంధించిన ఒక పత్రికలో వచ్చింది. ఇవాళ మనుషుల రక్తపరీక్షల్లో, క్యాన్సర్ వైద్యంలో బి కణాల ప్రస్తావన రాని రోజు ఉండదు. కోళ్ల మీద పరిశోధన కోళ్లకే అని ఎవరైనా అంటే నేను ఈ కథ చెబుతాను.

ఎలుకల మీద చేస్తే సరిపోదా? కోళ్లు, పశువుల మీద ఎందుకు?

సరిపోదు. టైఫిమ్యూరియం మనుషులకు విరేచనాలు తెస్తుంది, ఎలుకకు ఇస్తే టైఫాయిడ్ లాంటి ఒళ్లంతా పాకే జబ్బు వస్తుంది. పేగులో మనలాంటి లక్షణాలు కనిపించాలంటే ముందు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి ఎలుక పేగులోని మంచి బ్యాక్టీరియాను తగ్గించాలి.

లిస్టీరియాదైతే ఇంకా సూక్ష్మమైన తేడా. పేగు కణాల్లోకి దూరడానికి అది ఇంటర్నలిన్ ఏ అనే ప్రోటీన్‌తో మన కణాల మీద ఉండే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఎలుక ఈ-క్యాడ్‌హెరిన్‌లో 16వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం వేరు. అంతే, పట్టు దొరకదు. గినీపిగ్‌లో దొరుకుతుంది. అలాగని ఎలుకల్లో లిస్టీరియా పరిశోధన వృథా అనను. శరీరంలో కణాల ద్వారా వచ్చే రక్షణ ఎలా పనిచేస్తుందో 1960లలో మెకానెస్ అనే శాస్త్రవేత్త తేల్చింది లిస్టీరియా ఎక్కించిన ఎలుకల్లోనే. ఏ ప్రశ్నకు ఏ జంతువు అన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఒక చిక్కు మాత్రం పని చేసేవాళ్లకే తెలుస్తుంది. ఎలుక కణాలను గుర్తించే యాంటీబాడీలు కేటలాగుల్లో వేలకొద్దీ దొరుకుతాయి. కోడికి, ఆవుకు, పందికి పనికొచ్చేవి చాలా తక్కువ. ఫలానా సైటోకైన్ (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్) ఎంత ఉందో కొలుద్దామంటే కొలిచే సాధనమే దొరకని రోజులు ఎన్నో.

పుట్టగానే కోడిపిల్లలకు సాల్మొనెల్లా అంత సులువుగా ఎలా సోకుతుంది?

వాటి పేగు ఖాళీగా ఉంటుంది కాబట్టి. ఒకరోజు పిల్లకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని బ్యాక్టీరియా అందినా చాలు. కొన్ని వారాలు పెరిగాక అదే పక్షికి సోకాలంటే ఎన్నో రెట్లు కావాలి. 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నుర్మి, రంతలా ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని పదార్థాన్ని పిల్లలకు తాగిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయిందని చూపించారు. బస్సులో సీట్లన్నీ నిండిపోతే కొత్తగా ఎక్కినవాడికి చోటు దొరకనట్టే. తల్లికోడి కింద పొదిగిన పిల్లకు ఆ బ్యాక్టీరియా తల్లి నుంచే వస్తుంది, హేచరీలో పుట్టిన పిల్లకు ఆ వారసత్వం అందదు.

టీకాలు పనిచేస్తాయా?

సాల్మొనెల్లాకు పనిచేస్తాయి, ముఖ్యంగా గుడ్ల కోళ్లలో. ఎంటెరిటిడిస్ రకం కోడి అండాశయంలోకి చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వెళ్తుంది. 1980లలో చాలా దేశాల్లో గుడ్ల ద్వారా ఈ జబ్బు పెరిగింది. బ్రిటన్‌లో 1998 నుంచి లయన్ ముద్ర పథకం కింద గుడ్ల కోళ్లకు టీకాలు వేస్తున్నారు, మనుషుల్లో ఎంటెరిటిడిస్ కేసులు బాగా తగ్గాయి. 2017లో అక్కడి ఆహార భద్రతా సంస్థ ఆ ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు కూడా సగం ఉడికినవైనా తినొచ్చని చెప్పింది. టీకాతో పాటు షెడ్ల శుభ్రత, ఎలుకల నివారణ, పరీక్షలు కూడా ఆ పథకంలో భాగమే.

కొందరు శాస్త్రవేత్తల వాదన ఒకటి ఉంది, నాకు అది ఆసక్తిగా అనిపిస్తుంది. గాలినేరానికీ ఎంటెరిటిడిస్‌కూ పైపొరలో ఒకే యాంటిజెన్ ఉంటుంది. గాలినేరాన్ని మందల నుంచి తుడిచిపెట్టాక దానితో వచ్చిన రక్షణ కూడా పోయి, ఎంటెరిటిడిస్‌కు దారి సుగమమైందని వాళ్లు అంటారు.

క్యాంపైలోబ్యాక్టర్‌కు కోళ్లలో వాడే టీకా మార్కెట్లో లేదు. బ్రాయిలర్ బతికేదే ఐదారు వారాలు. తల్లి యాంటీబాడీలు తగ్గి సొంత రక్షణ గట్టిపడేలోపే బ్యాక్టీరియా వచ్చేస్తుంది. ఇక ఓ157 టీకాకు కెనడాలో 2008లో అనుమతి వచ్చినా వాడకం పెరగలేదు. పశువుకు జబ్బే రానప్పుడు రైతు తన జేబులోంచి ఎందుకు ఖర్చుపెట్టాలి? లాభం తినేవాడికి, ఖర్చు పెంచేవాడికి. ఆ ఖర్చును ప్రజారోగ్యమే భరించాలన్నది నా గట్టి అభిప్రాయం.

యాంటీబయాటిక్ వేసేస్తే పోదా?

మందలో లక్షణాలు లేని సాల్మొనెల్లాకు యాంటీబయాటిక్ వేస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా పోయి, దానికే చోటు దొరకొచ్చు. పైగా మందులకు లొంగని రకాలు మిగులుతాయి. కోళ్లు పెరగడానికి మేతలో యాంటీబయాటిక్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి నుంచి పూర్తిగా ఆపేసింది.

మనుషుల్లో ఓ157 అని అనుమానం ఉంటే సొంతంగా యాంటీబయాటిక్ మింగకండి. షిగా టాక్సిన్ జన్యువు ఆ బ్యాక్టీరియాలో దాగి ఉన్న ఒక వైరస్‌లో ఉంటుంది. కొన్ని మందుల దెబ్బకు ఆ వైరస్ మేల్కొని విషం మరింత తయారవుతుంది.

శాంపిల్‌లో బ్యాక్టీరియా ఉందని ఎలా తెలుస్తుంది?

సాల్మొనెల్లాకైతే శాంపిల్‌ను ముందు పోషక ద్రావణంలో ఒక రాత్రి ఉంచి, దెబ్బతిన్న బ్యాక్టీరియా కోలుకున్నాక మరో ద్రావణంలోకి, అక్కడి నుంచి ఎక్స్ఎల్‌డీ అనే పోషక జెల్లీ పోసిన ప్లేట్ మీదికి మారుస్తాం. మర్నాడు ఇంక్యుబేటర్ తీసి చూస్తే ఎర్రటి ప్లేట్ మీద మధ్యలో కాటుక చుక్క పెట్టినట్టు నల్లటి కాలనీలు ఉంటాయి. ఆ నలుపు హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వస్తుంది. క్యాంపైలోబ్యాక్టర్‌కు గాలిలో ఉన్నంత ఆక్సిజన్ పడదు. మూత బిగించిన జార్‌లో ఆక్సిజన్ తగ్గించి, 42 డిగ్రీల్లో రెండు రోజులు ఉంచాలి. కాలనీలు బూడిదరంగులో, తడిగా, ప్లేట్ మీద పాకినట్టు కనిపిస్తాయి. ఒక చుక్క నీటిలో కలిపి మైక్రోస్కోప్ కింద పెడితే మెలికలు తిరిగిన చిన్న చిన్న కడ్డీలు అటూ ఇటూ దూసుకుపోతుంటాయి. ఎన్నిసార్లు చూసినా విసుగు రాని దృశ్యం అది.

ఆ తర్వాత పీసీఆర్ (బ్యాక్టీరియా డీఎన్ఏను పట్టి చూపే పరీక్ష), జన్యుక్రమం. ఇప్పుడు రోగి నుంచి తీసినదీ, షెడ్‌లో దొరికినదీ ఒకే రకమా కాదా అన్నది జన్యుక్రమం పోల్చి చెప్పగలుగుతున్నాం.

పరిశోధనలో జంతువులను బాధపెడతారా?

కొన్ని ప్రయోగాల్లో జంతువులకు బ్యాక్టీరియా ఇవ్వాల్సి వస్తుంది, చివరికి వాటి ప్రాణం తీసి కణజాలం పరీక్షించాల్సి వస్తుంది. ఇది దాచే విషయం కాదు. ప్రతి ప్రయోగానికీ ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. జంతువు లేకుండా చేయగలమా, తక్కువ జంతువులతో చేయగలమా, బాధ తగ్గించగలమా అనే మూడు ప్రశ్నలను రసెల్, బర్చ్ 1959లో సూత్రాలుగా పెట్టారు. ఇప్పుడు పేగు కణాలతో ల్యాబ్‌లో పెంచే ఆర్గనాయిడ్‌లు వచ్చాక మొదటి దశ పరీక్షలు చాలావరకు వాటిలోనే చేయొచ్చు. మందలో సహించడం, తల్లి యాంటీబాడీలు, రెట్టలో వారాల తరబడి రావడం లాంటివి మాత్రం బతికున్న జంతువులోనే తెలుస్తాయి.

ల్యాబ్‌లో మీకు సోకదా?

జాగ్రత్తగా లేకపోతే సోకుతుంది. గ్లవ్స్, కోటు, సేఫ్టీ క్యాబినెట్, చేతులు కడుక్కోవడం. తిండి, మంచినీళ్ల సీసా, ఫోన్ ల్యాబ్ బయటే. వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో చచ్చాకే బయటికి వెళ్తాయి. గర్భంతో ఉన్నవాళ్లను లిస్టీరియా బెంచి దగ్గరికి రానివ్వం.

ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతాయా?

చావవు, ఎక్కువ రకాలు పెరగడం నెమ్మదిస్తుంది. లిస్టీరియా మాత్రం 4 డిగ్రీల్లో కూడా మెల్లగా పెరుగుతుంది. ఉడికించకుండా తినే ప్యాకెట్ మాంసం, పచ్చిపాల చీజ్ గర్భిణులకు వద్దనేది అందుకే.

ఇంట్లో ఏ జాగ్రత్త అన్నిటికన్నా ముఖ్యం?

మాంసం లోపలి భాగం 70 డిగ్రీలు దాటేలా ఉడికించడం, పచ్చిమాంసం తగిలిన కత్తి, పీట, చేయి వేరే వంటకానికి తగలకుండా చూడటం. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడగకండి. బ్యాక్టీరియా పోదు, తుంపరలు సింకు చుట్టూ పడతాయి. గుడ్డు పెంకును కడిగినా లోపల ఉన్న ఎంటెరిటిడిస్‌కు ఏమీ కాదు, ఉడికించాల్సిందే.

మా మందను పరీక్ష చేయించాలంటే శాంపిల్ ఎలా తీయాలి?

ఒక్క కోడి రెట్టో, ఒక్క ఆవు పేడో తెస్తే ఉపయోగం తక్కువ. కోళ్ల షెడ్‌కైతే బూట్ల మీద శుభ్రమైన గుడ్డ తొడుగులు వేసుకుని లిట్టర్ (షెడ్ నేల మీద పరిచిన పొట్టు) మీద షెడ్ అంతా నడిచి, ఆ తొడుగులనే సంచిలో వేసి పంపండి. పశువులకైతే తాజా పేడ, వీలైనన్ని పశువుల నుంచి, దేనికది వేరుగా తీయండి. ఐస్ ప్యాక్‌లతో పెట్టెలో పెట్టండి, గడ్డకట్టించొద్దు. క్యాంపైలోబ్యాక్టర్ కావాలంటే ముందే ల్యాబ్‌కు చెప్పండి, ఎండితే అది త్వరగా చచ్చిపోతుంది కాబట్టి దాన్ని దారిలో బతికించి ఉంచే క్యారీ-బ్లెయిర్ మీడియం ఉన్న ట్యూబులు ఇస్తారు. 24 గంటల్లోపు చేరేలా చూడండి. ఈమధ్య ఏదైనా యాంటీబయాటిక్ గానీ లైవ్ టీకా (బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియాతో చేసినది) గానీ వేసి ఉంటే పేరు, తేదీ సంచి మీద రాయండి. లైవ్ టీకాలోని బ్యాక్టీరియా కూడా ప్లేట్ మీద సాల్మొనెల్లాగానే పెరుగుతుంది, అది టీకాదో బయటి నుంచి వచ్చిందో తేల్చడానికి విడిగా పరీక్ష చేయాలి.